నవ్వెవరిమీద?

చలనచిత్రమును చూచి వచ్చినవాడు వాకిట కాళ్లు కడుగుకొనకమునుపే తీర్పు చెప్పివేయును. బాగున్నదని యొకడు, బాగులేదని మఱియొకడు. సాక్షులను విచారింపక శిక్ష విధించు న్యాయాధిపతిని మనము సహింపము గాని, చిత్రముల విషయమున ప్రతి గృహస్థుడును అట్టి న్యాయాధిపతియే. వినోదమునకై కూర్చుండి వినోదించి లేచినవానిని నిలదీయనేల యని చదువరులు కొందఱు నన్నడుగవచ్చును. ఆ వినోదములో ఎవరిని చూచి నవ్వితిమో ఎఱుగకుండ లేచిపోవుటవలన మన యిండ్లలో హాని కలుగుచున్నదని నేను చెప్పుచున్నాను. ఆ హాని యెట్టిదో ఒక చిత్రమునుబట్టి చూపెదను.

రామ్ గోపాల్ వర్మ 1989లో 'శివ' తీసి పేరుగాంచి, 1991లో 'క్షణక్షణం' తీసెను. వెంకటేశ్, శ్రీదేవి నాయకనాయికలు. పరేశ్ రావల్ ప్రతినాయకుడు. కీరవాణి సంగీతము కూర్చగా సిరివెన్నెల సీతారామశాస్త్రి పాటలు వ్రాసెను. విడుదలైననాడు 'శివ'కు వచ్చినంత విజయము దీనికి రాలేదు. కాని ముప్పది యేండ్లు గడచిన తరువాతను మన యిండ్లలో టెలివిజనులమీదను, చేతి ఫోనులమీదను అది ఆడుచునే యున్నది. నాడు తండ్రులు చూచిన చిత్రమును నేడు పిల్లలు చూచుచున్నారు. అందుచేత దానినిగూర్చిన అభిప్రాయములు ఒక తరమువి కావు, రెండు తరములవి. మా రెంజల్ లో ఉపాధ్యాయుల గదిలోను, బోధన్ పోవు బస్సులోను, పెండ్లి పందిళ్లలోను నేను ఆ అభిప్రాయములను వినుచునే యున్నాను.

కథ సంగ్రహముగా ఇది. నాయర్ అను దొంగలనాయకుడు బ్యాంకును దోచును. ముఠాలోని యొకడు ఆ సొమ్మును అపహరించి దాచివేయును. దాని జాడ తెలుపు చీటీ ఒక ఛాయాచిత్రముల దుకాణములో సత్య యను ఉద్యోగిని ఫోటోల కవరులోనికి, ఆమె యెఱుగకుండనే, చేరును. దానికై దొంగ యొకడు ఆమె యింట జొరబడును. ఆ పెనుగులాటలో వాడు పడిపోగా, హత్య చేసితినని తలచి ఆమె పాఱిపోవును. దారిలో చందు అను చిల్లరదొంగ తోడగును. అక్కడినుండి ఊరు, అడవి, రైలు. వెనుక నాయర్ ముఠా, ఇంకొకవైపున పోలీసులు. పెద్ద రహదారి సినిమాలను ఆంగ్లేయులు రోడ్డు మూవీలందురు. చావు పొంచియున్నచోట నవ్వించు పద్ధతికి బ్లాక్ కామెడీ యని పేరు పెట్టిరి. ఈ రెండును తెలుగున ఒక్కచోట కుదిరిన చిత్రములు మిక్కిలి తక్కువ. ఆ తక్కువలో ఇది పేరెన్నిక గన్నది.

దీనినిగూర్చి పెద్దలలో కొందఱి మాట యిట్లుండును: కత్తులును శవములును ఉన్నచోట నవ్వేమి? నవ్వినచో హృదయము బండబాఱును. పిల్లలకు ప్రాణముపై గౌరవము పోవును. కావున ఇట్టి చిత్రములను ఇంటికి రానీయరాదు. ఈ వాదము చేయువారు తఱచుగా మన ప్రాచీనులను సాక్ష్యమునకు పిలుతురు. భరతఖండమున రసమెఱిగినవారు శవముమీద నవ్వలేదని వారి భావము.

ఆలంకారికులను పిలిచిరి గనుక వారినే విచారింతము. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున హాస్యమునకు భయానకకరుణములు విరోధులని చెప్పినమాట నిజము. అంతవఱకు పెద్దల పక్షము గెలిచినట్లే తోచును. కాని శాస్త్రము చెప్పిన మాటకును, కవులు చేసిన పనికిని నడుమ ఒక నాటకము అడ్డముగా నిలిచియున్నది. అది శూద్రకుని మృచ్ఛకటికము. మన సంస్కృత పాఠశాలలలో దానిని చదివినవారెందఱో కలరు. చదివియు పైమాట యాడగలుగుట నాకు వింత.

ఆ నాటకమున శర్విలకుడు కన్నము వేయుటకు జందెమును కొలనూలుగా వాడుకొనును. ఏ యాకారమున కన్నము వేసినచో తెల్లవాఱి చూచినవారు మెచ్చుకొందురో యని శిల్పివలె ఆలోచించును. ఆఱవ యంకమున బండ్లు తాఱుమాఱగును. చారుదత్తుని బండివాడు పఱుపులు మఱచి వెనుకకు పోవును. ఇంతలో పల్లెబండ్లు బాటకడ్డుపడగా శకారుని బండి చారుదత్తుని తోటవాకిట ఆగును. వసంతసేన అది తనకై వచ్చినదే యనుకొని యెక్కి, తనను చంపగోరువాని చేతికి తిన్నగా పోవును. చెఱ తప్పించుకొన్న ఆర్యకుడు రెండవ బండి యెక్కి బ్రదుకును. బోధన్ చక్కెర కర్మాగారము నడచిన కాలమున చెఱకుబండ్ల బారు చూచినవారికి ఈ ఘట్టము నేను వివరింపనక్కఱలేదు. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. ఆ బండ్లు ఇప్పుడు లేవు. కాని బాట కట్టుపడినప్పుడు ఎవని బండి యెవని వాకిట నిలుచునో ఎఱుగరాదన్న సంగతి మా వారికి చెప్పి నేర్పవలసినది కాదు.

పదవ యంకము మఱియు విడ్డూరము. చారుదత్తుని వధ్యస్థానమునకు తీసికొనిపోవు చండాలు రిద్దఱు, నేడు చంపవలసిన వంతు నీదా నాదా యని లెక్కలు వేసికొందురు. వారిలో నొకడు, వంతు వచ్చినను తొందరపడవద్దని తన తండ్రి చనిపోవునపుడు చెప్పిన హితమును చెప్పుకొనును: ఏ పుణ్యాత్ముడో సొమ్మిచ్చి విడిపింపవచ్చును, రాజునకు కొడుకు పుట్టవచ్చును, ఏనుగు కట్టు తెంచుకొనవచ్చును, రాజే మాఱిపోవచ్చును. చావబోవువాడు ఎదుట నిలిచియుండగా ఈ సంభాషణము. చదివి నవ్వనివాడుండడు; నవ్వుచునే గొంతు పట్టుకొననివాడును ఉండడు. ఆంగ్లనాటకములలో మాక్‌బెత్ రాజును చంపిన వెంటనే త్రాగుబోతు ద్వారపాలకుడు వచ్చి హాస్యమాడును. అది షేక్స్పియరు వ్రాసినది కాదు, పామరుల కొఱకు వేఱెవరో చేర్చినదని కోలరిడ్జి యంతటివాడు కోపగించెను. ఆ తలుపు చప్పుడే హత్యయొక్క భయంకరత్వమును మనకు తెలియజేయుచున్నదని 1823లో డిక్విన్సీ వ్రాసెను. నేటి రసజ్ఞులు ఎవరి పక్షమున ఉన్నారో వేఱుగ చెప్పవలయునా?

అంత దూరమేల? 2023లో వచ్చిన 'బలగం' చిత్రమును తెలంగాణములో ఊరూర బహిరంగస్థలములలో తెఱలు కట్టి చూపిరి. ముసలివాడు చచ్చిపోయినాడు, మనుమడు అప్పులలో మునిగి నిశ్చితార్థము చెడిపోవునేమో యని కుములుచున్నాడు, పిండము ముట్టుటకు కాకి రాదు, బంధువులు నల్లిబొక్కకై పూర్వము పడిన తగవును తవ్వుకొనుచున్నారు. ఆ శవము చుట్టును ఎంత నవ్వు! క్షణక్షణమును నిషేధింపవలెనన్న పెద్దలే ఆ బహిరంగప్రదర్శనములలో చాపలమీద కూర్చుండి నవ్విరి, ఏడ్చిరి, మఱునాడు అన్నదమ్ములను పలుకరింపబోయిరి. చావు చెంత నవ్వుట తప్పైనచో అక్కడను తప్పే. అక్కడ తప్పు గానిది ఇక్కడ తప్పెట్లగును? కావున నవ్వునకును చావునకును గల దూరమును కొలిచి చిత్రమును నిర్ణయింపరాదు. ఆ నవ్వు ఎవరిమీద పడుచున్నదో చూడవలెను. నా వాదమంతయు ఇంతే.

యువకుల పక్షము వేఱు. ఇట్టి చిత్రములలో తర్కము వెదకరాదు, బుద్ధిని వాకిట విడిచి కూర్చుండవలెనని వారి సిద్ధాంతము. చెప్పులను విడువుమనుట విన్నానుగాని బుద్ధిని విడువుమనుట గురుకులములలోను వినలేదు. వాస్తవమునకు ఈ జాతి చిత్రములకే తర్కము ఎక్కువ కావలెను. చీటీ యెవరి చేతిలో ఉన్నది, ఎవరికి తెలియును, ఎవరికి తెలియదు అనుటమీదనే మన వెఱపును మన నవ్వును నిలిచియున్నవి. ఆ లెక్క తప్పిన క్షణమున రెండును కూలిపోవును. చిత్రము చేసినవారు అంత శ్రద్ధగా లెక్క వేసియుండగా, చూచువారు లెక్కలు రాని బడిపిల్లలవలె గర్వించుట యేమి మర్యాద?

నకలు చేసినారన్నవారి మాటకు ఎక్కువ చోటీయను. 1984 నాటి 'రొమాన్సింగ్ ది స్టోన్' అను ఆంగ్లచిత్రముతో దీనిని పోల్చి, తమకు ఆంగ్లచిత్రములు తెలియునని తెలుపుకొనువారు ప్రతి సభయందును ఒకరిద్దఱుందురు. చారుదత్తమను నాటకమునకును మృచ్ఛకటికముయొక్క మొదటి నాలుగంకములకును గల పోలిక పండితులెఱిగినదే. అంతమాత్రమున శూద్రకుని ఎవడును ఊరు వెడలగొట్టలేదు. తీసికొన్నవాడు ఏమి చేసెనో చెప్పుడు. ఎక్కడనుండి తీసికొనెనో చెప్పి ఊరకుండకుడు.

ఇక అసలు సంగతి. పై మూడు పక్షములవారును, పెద్దలును, యువకులును, ఆంగ్లచిత్రజ్ఞులును, ఒక్క విషయమున ఏకీభవింతురు. సత్య ఎంత అమాయకురాలు, ఆమె భయపడుట ఎంత ముద్దుగానున్నది యని అందఱును ఒక్కగొంతుతో మెచ్చుకొందురు. శ్రీదేవి నటన మెచ్చదగినదే. ఆ పాత్రకు ఆమె నంది బహుమానము పొందెను. 2018 ఫిబ్రవరిలో ఆమె మరణించినపుడు తెలుగువారు మొదట తలచుకొన్న పాత్రలలో ఇదియొకటి. నటిని మెచ్చుకొనుట వేఱు. ఆ పాత్ర పడిన భయమును ఆటవస్తువుగా చేసికొని ముద్దుచేయుట వేఱు.

ఆమె భయమునకు గల కారణములను ఒక్కసారి పేర్కొనుడు. ఒంటరిగానున్న ఇంట పరాయి మగవాడు జొరబడినాడు. ఆత్మరక్షణమునకై పెనుగులాడినది. పిదప పోలీసులకడకు పోయి నిజము చెప్పవచ్చునన్న ధైర్యము ఆమెకు లేదు. చెప్పినను నమ్మరని ఆమె తలచినది. రాత్రి బాటలో తోడుదొరికినవాడు ఎవడో ఎఱుగదు, వాడు దొంగ. తిండి లేదు, నిలువ నీడ లేదు. ఇందులో ఏ యొక్కటి కల్పితము? మన ఊళ్లనుండి బోధనుకును నిజామాబాదుకును చదువులకు పోవు ఆడపిల్లలను అడుగుడు. చీకటిపడిన తరువాత బస్సు దిగి ఇల్లు చేరువఱకు వారు పడు ఆరాటమే తెఱమీద సత్య పడినది. అది ముద్దు కాదు. చిన్ననాటినుండి ఆడుదానికి ఇంటిలో మనము నేర్పిన నిస్సహాయత్వమును మనమే తెఱమీద చూచి, అమాయకత్వమని పేరు పెట్టి, మురిసిపోవుచున్నాము.

చిత్రము నవ్వునది సత్యను చూచి కాదని నా విశ్వాసము. ఆమె కంగారునకు నవ్వు పుట్టు ఘట్టములు లేకపోలేదు. అడవిలో ఆమె సణుగుడునకు చందు విసిగికొనుట నవ్వు పుట్టించునదే. కాని ఎక్కువపాలు నవ్వు తరుముచున్నవారిమీద పడునట్లే కథను అల్లినారు. నాయర్ క్రూరుడు, ఆ క్రూరుడే హాస్యాస్పదుడు. వాని ముఠా మూర్ఖులగుంపు. చట్టమును నిలుపవలసిన వారును వారివలెనే ఉఱుకులాట. మా కర్మాగారమున పూర్వము పనిచేసిన ముసలాయన యొకడు ఈ చిత్రమును చూచి నాతో అన్నమాట నాకు చాల విమర్శలకంటె మేలుగా తోచినది. "పంతులూ, గిన్ని పైసలెన్క గింతమంది ఉర్కుతున్నరు, అండ్ల కష్టం జేసి సంపాయించినోడు ఒక్కడన్న లేడు" అని ఆయన నవ్వెను. ఆయన నవ్వు సరియైన చోట పడినది.

శూద్రకుడు చేసినదియు ఇదియే. మొదటి యంకమున చీకటి వీథిలో శకారుడు వసంతసేనను తరుమును. ఆమె భయపడుచున్నది, పరిచారకులను పిలుచుచున్నది, పఱుగెత్తుచున్నది. ప్రేక్షకుడు నవ్వును. ఎవరిని చూచి? పురాణములను తలక్రిందులు చేసి, ఎవరి భార్యనో ఎవరికో అంటగట్టి ఉపమానములు చెప్పుచున్న రాజుగారి బావమఱదిని చూచి. వసంతసేన భయమును చూచి నవ్వుమని కవి ఎక్కడను చెప్పలేదు. అందెల చప్పుడును, పూలమాల వాసనయు తన జాడ తెలుపునని గ్రహించి వానిని తీసివేసి చీకటిలో తప్పించుకొన్న ఆమె తెలివిని చూపినాడు. ఎనిమిదవ యంకమున ఆమెను చంపుమని శకారుడాజ్ఞాపించినపుడు వాని బండి తోలు దాసుడు, దెబ్బలు తినియు, ఆ పని చేయననును. సభలోని మనము ఆ దాసుని పక్షమున ఉండవలెనా, శకారుని పక్షమున ఉండవలెనా? భయపడు స్త్రీని చూచి నవ్వు ప్రేక్షకుడు తాను ఎవరి ప్రక్కన కూర్చున్నాడో ఎఱుగడు.

మన సంఘసంస్కారమునకు నవ్వు క్రొత్త ఆయుధము కాదు. కందుకూరి ప్రహసనములు వ్రాసెను. గురజాడ కన్యాశుల్కమున నవ్వని పుట యున్నదా? పసిబిడ్డను ముసలివానికి అమ్ముట కంటె చీకటికథ యేది? ఆ నవ్వంతయు అగ్నిహోత్రావధానులమీదను, లుబ్ధావధానులమీదను, గిరీశముమీదను పడునుగాని అమ్ముడుపోవలసిన సుబ్బిమీద పడదు. పడియున్నచో అది సంస్కరణగ్రంథము కాక పశుత్వమయ్యెడిది. నవ్వును ఎటు త్రిప్పవలెనో ఎఱుగుటలోనే ఆ గ్రంథకర్తయొక్క ధర్మబుద్ధి యున్నది.

ఇక్కడ మా ప్రాంతపువారితో ఒక్కమాట. నవ్వు ఎవరిమీద పడునన్న ప్రశ్న మనకు పుస్తకములలోని ప్రశ్న కాదు. తెలుగు చిత్రములలో చాలకాలము తెలంగాణపు మాట ఎవరి నోట వినబడినది? రౌడీల నోట, లంచగొండి రాజకీయుల నోట, విదూషకుల నోట. 1985 నాటి 'ప్రతిఘటన'లోను, 1993 నాటి 'గాయం'లోను కోట శ్రీనివాసరావు ఆ మాటతో నటించిన దుర్మార్గులను తలచుకొనుడు. నటుని ప్రతిభకు వంక పెట్టుట కాదు; ఆ మాట వినగానే సభ అంతయు నవ్వునట్లు అలవాటు చేసినవారికి వంక పెట్టుచున్నాను. మన పిల్లలు పై చదువులకు పోయి నోరు విప్పగానే తోడివారు నవ్విరి. ఎందుకు నవ్వితిరని అడిగినచో ఊరక నవ్వితిమనిరి, కేవలము వినోదమనిరి. ఆ 'కేవలము'లో ఎంత విషమున్నదో మనమెఱుగుదుము. 2017లో 'ఫిదా' చిత్రమున మన ప్రక్కనున్న బాన్సువాడ పిల్ల నాయికయై మన మాటనే తలయెత్తి మాటాడినపుడు మనము పొంగిపోతిమి. అంత చక్కగా ఎఱిగినవారము, తెఱమీద ఆడుది వణకుచున్నపుడు ఏల యెఱుగము? మన భాషను చూచి ఇతరులు నవ్విన నవ్వు అపహాస్యము. మన ఆడపిల్లల భయమును చూచి మనము నవ్విన నవ్వు వినోదమా?

ఇదంతయు తెఱమీది సంగతి, బ్రదుకుతో దానికి పొత్తేమి యనువారుందురు. 2019 నవంబరు 27వ తేదీ రాత్రి శంషాబాదు చేరువ రహదారిమీద టోల్ గేటుకడ ఒక యువ పశువైద్యురాలి స్కూటరు చక్రమునకు గాలి పోయినది. మఱునాటికి ఆమె కాలిన శవము దొరకినది. చచ్చుటకు ముందు తనకు భయముగానున్నదని ఆమె చెల్లెలితో ఫోనులో చెప్పియుండెను. దేశమంతయు దుఃఖించినది. డిసెంబరు 6న నిందితులు నలుగురును పోలీసు కాల్పులలో చనిపోగా జనులు పోలీసులమీద పూలు చల్లిరి, టపాకాయలు కాల్చిరి. సుప్రీంకోర్టు నియమించిన విచారణ సంఘము ఆ కాల్పులు చంపవలెనను ఉద్దేశముతోనే జరిపినవని 2022లో తేల్చినది. పూలు చల్లినవారు చెడ్డవారని నేననను. మూడుగంటల చిత్రము చివర దుష్టుడు చచ్చుటకును, చూచువాడు చప్పట్లు కొట్టుటకును అలవాటుపడినవారు సాక్ష్యము, విచారణము, తీర్పు అనువానికై కాచియుండలేకపోయిరి. ఆ రాత్రి రహదారిపై ఒంటరి స్త్రీ పలికిన భయము ఎవరికి ఎంత చక్కగా వినబడవలసియుండెనన్న ప్రశ్న ఆ పూలక్రింద పూడిపోయినది. ఆడుదాని భయమును ముద్దనుటయు, ఆమె చచ్చిన తరువాత తక్షణ ప్రతీకారమునకు పూలు చల్లుటయు ఒక్క ప్రేక్షకుని రెండు ముఖములు.

మా పాఠశాలలో పదవతరగతి పిల్లలకు క్షణక్షణమును గూర్చి తమ అభిప్రాయమును వ్రాయుమని నేనొకసారి చెప్పితిని. తోటి ఉపాధ్యాయులు కొందఱు, ఇదేమి పాఠ్యవిషయమని నవ్విరి. బాలురలో పెక్కుమంది పోరాటములను వర్ణించిరి. అందఱును సత్య కేకలను తలచి నవ్విరి. ఒక బాలిక లేచి నిలుచుండి యిట్లడిగినది: "సార్, ఆమె ఒర్రిందే అందరు యాదికుంచుకున్నరు. ఇంట్ల సొచ్చినోన్ని ఎదిరించిందెవ్వరు సార్? గది ఒక్కలు గూడ రాయలే." తరగతిలో నిశ్శబ్దము. నేను మఱల కాగితములన్నియు తిరుగవేసి చూచితిని. నలువదికి పైగా కాగితములలో ఒక్కదానిలోను ఆ మాట లేదు. మొదటనే జరిగిన కార్యమది. కథ అంతయు దానినుండియే నడచినది. ఆమె అఱపు వినబడినవారికి ఆమె చేయి కనబడలేదు.

ఆ బాలికకు కనబడినది పండితులకును, యువకులకును ఏల కనబడలేదు? మనము చూచుచున్నది చిత్రమును కాదు, చూడదలచుకొన్న ఆడుదానిని. ఆమె భయపడవలెను, మగవాడు కాపాడవలెను, ఆ నడుమ నవ్వు పుట్టవలెను. ఈ మూస మన మనస్సులోనిది. దానిలో ఒదుగని భాగమును కన్ను దాటివేయును. అందుచేతనే ప్రేక్షకాభిప్రాయమును గూర్చి ఇంత చెప్పవలసివచ్చినది. చిత్రము మాఱదు. 1991లో ముద్రించిన బొమ్మ అట్లే యున్నది. దానిని చూచు కన్ను మాత్రము మాఱవచ్చును.

కొందఱు మిత్రులు ఇంతకంటె సులువైన ఉపాయము చెప్పుచున్నారు: ఆడపిల్లలను ఇట్టి చిత్రములకు దూరముగా ఉంచుట. ఇది పాత మందే. రాత్రి భయమున్నదని రాత్రి బయటికి పోవలదనుట, నవ్వుదురని మాటాడవలదనుట, బాటలో దొంగలున్నారని బాటయే వలదనుట. దొంగను వదలి బాటను శిక్షించు ఈ నీతి మన యిండ్లలో శతాబ్దములుగా నడచినది. దాని ఫలము చూచుచునే యున్నాము. కందకుర్తికడ వంతెన దాటి మహారాష్ట్రమునకు పోవు బాటమీద మన ఆడువారు కూలికి పోవుచున్నారు, చదువులకు పోవుచున్నారు, సంగమస్నానములకు పోవుచున్నారు. వారిని బాటనుండి తీసివేయలేము. బాటకథలనుండి తీసివేసినంతమాత్రమున ఏమి ఒరుగును?

అలసినవాడు నవ్వుకొనుటకును మీ అనుమతి కావలెనా యని ఎకసెక్కెము చేయువారికి ఒక్కమాట. వద్దనలేదు. 1997లో అదే దర్శకుడు 'అనగనగా ఒక రోజు' తీసెను. పొరుగుపొరుగున నున్న రెండిండ్ల పెద్దల తగవు పడలేక ప్రేమికులిద్దఱు పాఱిపోయి, చేయని హత్య నెత్తినపడి, పోలీసులచేతను హంతకులచేతను తరుమబడుదురు. బ్రహ్మానందము మైఖేల్ జాక్సన్ అను చిల్లరదొంగగా వచ్చి కడుపుబ్బ నవ్వించును. అక్కడ నవ్వు పెద్దల మంకుతనముమీద పడుచున్నది. అందుకే పెద్దలలో కొందఱికి ఆ చిత్రము గిట్టదు. హింస యున్నదని చెప్పుదురు గాని, గిట్టకపోవుటకు కారణము అద్దము. ఆ చిత్రమును చూచి కడుపార నవ్వుడు. నేనును నవ్వితిని.

నేను కోరునది స్వల్పము. ఇంటిలో చిత్రము ముగిసిన వెంటనే మొదటి అభిప్రాయము ఇంటియజమానిది కాకుండుగాక. వంటయింటిలోనికి నడుమనే లేచిపోయిన గృహిణిని పిలిచి, ఎంతవఱకు చూచితివి, ఎక్కడ నవ్వు వచ్చినది, ఎక్కడ రాలేదు అని అడుగుడు. ఆడపిల్లను అడుగుడు. ఆమె చెప్పుచుండగా నడుమ అడ్డుపడకుడు. మగపిల్లవాడు పకపక నవ్విన చోటును గుర్తుంచుకొని, ఆ నవ్వు ఎవరిమీద నవ్వితివని వానిని నెమ్మదిగా అడుగుడు, దండింపకుడు. వాడు తడబడినచో మంచిదే. ఆ తడబాటు నిలిచినంతసేపు నిలువనిండు, మీరు సమాధానము చెప్పివేయకుడు.

మా యింటిలో ఈ పద్ధతి పెట్టితిమి. 'అనగనగా ఒక రోజు' చూచిన రాత్రి మా యమ్మాయి చాలసేపు మాటాడినది. తల్లిదండ్రుల పాత్రలను గూర్చి ఆమె చెప్పిన మాటలు క్రమముగా నావైపునకు తిరుగుచుండుట చూచి మా యింటివారు ముసిముసి నవ్వులు నవ్విరి. ఆ మాటలను వ్రాయుమని అమ్మాయితో చెప్పియున్నాను. వ్రాసినదానిలో ఒక్క అక్షరమును దిద్దక ఈ పత్రికకు పంపెదను.